గోడవైపు తిప్పిన పటాలు

మరిచిపోయినవాళ్ళకు గబగబా చెప్పేస్తాను, గుర్తున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. ఒకే బడి, ఒకే గది, రెండు పూటలు. పొద్దున ఒక గుంపు పిల్లలు, మధ్యాహ్నం ఇంకో గుంపు. చదవడం నేర్పడానికి ఒక కొత్త పద్ధతి వచ్చింది, దాని పేరు దరువు పాఠం. మాటను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు వేలి కణుపుతో బల్ల మీద ఒక్కో దెబ్బ కొడుతూ చదవడం. అది నిజంగా పనిచేస్తుందా లేదా తేల్చాలని పరిశోధన ఆఫీసువాళ్ళు కొన్ని బళ్ళలో చీటీలు తీశారు. ఈ బడిలో పొద్దుటి పూటకు దరువు పాఠం వచ్చింది. మధ్యాహ్నం పూటకు ఏమీ రాలేదు. ఏడాది చివర రెండు గుంపులకూ ఒకే పరీక్ష పెట్టి తేడా చూడాలని ఏర్పాటు.

రెండు పూటలా పాఠం చెప్పేది మాత్రం ఒక్కతే, చిన్న టీచరు. పొద్దుటి పిల్లలు వెళ్ళగానే గోడ మీది పటాలన్నీ ఆమె వెనక్కి తిప్పేయాలి. మధ్యాహ్నం పిల్లలకు వాటి వీపులే కనబడాలి. అలాగే చేస్తానని మాట ఇచ్చింది. వానాకాలం సెలవుల దాకా మాట నిలబెట్టుకుంది. ఆ తర్వాత ఒకరోజు తిప్పలేదు. ఇక ఎప్పుడూ తిప్పలేదు. పరీక్షలయ్యాయి. పోయిన వారం కథ ఆగింది ఇక్కడే: ఆమె నల్లబల్ల తుడుస్తూ ఉండగా గేటు ముందు ఆఫీసు జీపు ఆగింది. అందులోంచి దిగింది ఈ పరిశోధన మొత్తానికి పెద్ద దిక్కు, పెద్ద మేడం. చిన్న టీచరుకు సొంత అక్క.

ఇక ఇవాళ్టి సంగతి.

హెడ్మాస్టరును బడంతా సర్దుబాటు సారంటారు. పైకప్పు కారినా, బెంచీ విరిగినా, పిల్లాడు గోడ దూకి పారిపోయినా ఆయన నోట వచ్చేది ఒక్కటే, సర్దుకుందాం. ఆయన గదిలో బీరువా తలుపు మూసుకోదు, తాడుతో కట్టేస్తారు. ఫ్యాను రెక్క ఒకటి వంగి టకటకమంటుంది. ఉన్న రెండు మంచి కుర్చీల్లో ఒకటి పెద్ద మేడం తీసుకుంది, రెండోది ఆఫీసు లెక్కలాయన తీసుకున్నాడు. సర్దుబాటు సారు స్టూలు మీద సర్దుకున్నాడు. చిన్న టీచరు తలుపు దగ్గర నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు, అన్నా కుర్చీ లేదు.

లెక్కలాయన ఒళ్ళో కంప్యూటరు తెరిచాడు.

"మిగతా బళ్ళలో తేడా ఉంది మేడం. మరీ పెద్దదేం కాదు, కానీ ఉంది. ఈ బడికొచ్చేసరికి గుండుసున్నా. పొద్దుటి పూట, మధ్యాహ్నం పూట, కవల పిల్లల్లా ఉన్నాయి. లెక్కలోకి తీసుకున్న పిల్లలు ఇక్కడే ఎక్కువ కదా, కలిపి చూస్తే మొత్తం చదునైపోయింది."

"చదునంటే?" అన్నాడు సర్దుబాటు సారు.

"చదునంటే మీ పెళ్ళీ నా పెళ్ళీ సార్. ఎత్తూ లేదు, పల్లమూ లేదు."

సారు నవ్వాలా వద్దా అని పెద్ద మేడం ముఖం చూశాడు. అక్కడ అనుమతి దొరకలేదు. నవ్వు మింగేశాడు.

"దరువు పాఠం వల్ల లాభం కనబడలేదు," అంది పెద్ద మేడం. "అదే రాస్తాం. రేపు బోర్డు ముందుకు వెళ్తుంది. పటాలూ కార్డులూ ఎల్లుండి బండి వచ్చి తీసుకెళ్తుంది."

"ఈ బడిలోవా మేడం?" చిన్న టీచరు అడిగింది.

"అన్ని బళ్ళలోవీ."

దుకాణం కట్టేస్తున్నాం, తలుపులు మూయండి అన్నట్టే అంది. ఇలాంటి గదుల్లోనే పిల్లల బతుకులు తేలిపోతాయి. టీ కప్పు అంచున ఎండిన మరకను గోటితో గీకుతూ తేల్చేస్తారు.

చిన్న టీచరు తలుపు వదిలి ఒక అడుగు లోపలికి వేసింది. లాభం లేకపోవడమేమిటి? మధ్యాహ్నం పూట పిల్లలు పొద్దుటివాళ్ళతో సమానంగా చదివారంటే, వాళ్ళకూ ఆమే నేర్పింది కాబట్టి. రెండు కుండల్లోనూ ఆమే నీళ్ళు పోసింది. ఇప్పుడు వీళ్ళొచ్చి, రెండూ సమానంగా ఉన్నాయి కాబట్టి నీళ్ళు పోయడం దండగ అంటున్నారు. నోరు తెరిస్తే కొలువు పోతుంది, ఆమెది అసలే పర్మినెంటు కాదు. మూసుకుంటే పాఠం పోతుంది. ఈ బడికే కాదు, ఆమె ఎన్నడూ చూడని బళ్ళన్నిటికీ.

తెరిచింది.

"మేడం, మధ్యాహ్నం పిల్లలకు కూడా నేను దరువు పాఠం చెప్పాను."

ఫ్యాను రెక్క టకటకలాడింది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు లెక్కలాయన.

"వానాకాలం సెలవులయ్యాక. రోజూ."

ఆయన కంప్యూటరు మూసేశాడు. కోపంతో కాదు, అలిసిపోయి. "శుభ్రం. టీచర్ గారూ, ఈ పద్ధతిని చంపాలని ఎవరైనా సుపారీ ఇచ్చినా ఇంత పక్కాగా చంపేవాళ్ళు కాదు. శత్రువులైతే ఎక్కడో ఓచోట పొరపాటు చేస్తారు. మీరు ప్రేమగా చంపారు."

"నాకేం తెలీదు మేడం," సర్దుబాటు సారు స్టూలు మీంచి లేచాడు. "నేను అసలు ఆ వైపు వెళ్ళను."

"మీ బడే కదా సార్?"

"బడి నాదే మేడం. గది ఆవిడది."

"మీరిద్దరూ కాసేపు బయట ఉండండి," అంది పెద్ద మేడం. సారు తన గదిలోంచి తానే బయటికి సర్దుకున్నాడు. లెక్కలాయన తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

"అక్కా," అంది చిన్న టీచరు.

"ఇక్కడ అక్కెవరూ లేరు."

"లేకపోతే పోనీ. మేడం, నేను చెప్పింది రాయండి. నన్ను తీసేయండి. పటాలు ఉండనివ్వండి."

పెద్ద మేడం కప్పు పక్కకు జరిపింది. "నాకు ముందే తెలుసు చిట్టీ."

"ఏం తెలుసు?"

"పరీక్ష రోజు మధ్యాహ్నం నేనొచ్చాను. నీకు కనబడలేదు. వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. గదంతా బల్లల మీద దరువు, రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు. ఆ చప్పుడు మధ్యాహ్నం పూట వినబడకూడదు. వినబడింది."

చిన్న టీచరు బల్ల దగ్గరికి వచ్చింది. వచ్చి అరిచింది. "తెలిసీ, చెవులతో వినీ, లాభం లేదని రాస్తున్నావా?"

"వినిపించింది రాయడానికి వీల్లేదు. మొదలుపెట్టకముందే తేల్చుకున్నాం, ఏం లెక్కపెట్టాలో, ఎలా లెక్కపెట్టాలో. మార్కులు. అంతే. ఫలితం చేతికొచ్చాక, నచ్చలేదని ఒక బడిని ఏరి పక్కన పారేస్తే అది పరిశోధన కాదు, వంట. రుచి చూసుకుని ఉప్పు వేసుకోవడం. అందులోనూ అది మా చెల్లెలి బడి. రేపు ఎవడైనా అడిగితే ఏం చెప్పను? కిటికీ దగ్గర నాకు వినబడిందని చెప్పనా?"

"ఒక్కరోజు లోపలికొచ్చి కూర్చుంటే ఏం పోయేది? ఏడాదంతా ఆఫీసులో కూర్చుని మార్కులు రావాలని కాచుకున్నావు. ఒక్క పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఇదెలా చదివావే అని అడిగి ఉంటే సెలవులయిన వారానికే అంతా బయటపడేది."

"కూర్చుని చూసినవాళ్ళను నమ్మే మునిగాం ఇదివరకు. బొమ్మల పుస్తకాల పథకం గుర్తుందా నీకు? వచ్చిన ప్రతి పెద్దమనిషీ ఒక పూట కూర్చున్నాడు. పిల్లలు పాటలు పాడారు. పెద్దమనుషులు కళ్ళు తుడుచుకున్నారు. అన్ని బళ్ళలో పెట్టేశారు. అది లేని పిల్లలతో పోల్చి చూసినవాడు ఒక్కడు లేడు. ఆ పిల్లలు ఇప్పుడు గడ్డాలూ మీసాలూ వచ్చిన మగాళ్ళు. బస్సు ఎక్కడికి పోతుందో పక్కవాణ్ణి అడిగి ఎక్కుతారు."

"అందుకని నా చేత పటాలు తిప్పించావా?"

"అందుకే తిప్పించాను. నువ్వు చివరిదాకా తిప్పి ఉంటే తేడా తేలేది. వచ్చే ఏడాదికి ఆ పాఠం అన్ని బళ్ళకూ, రెండు పూటలకూ వచ్చేది. నువ్వు నీ గదిలో పిల్లల్ని చూసి జాలిపడ్డావు. నీ జాలి వల్ల నువ్వు చూడని పిల్లలందరి నోటి ముందరి కూడూ పోయింది. నన్ను రాయి అంటారు అందరూ. సరే, రాయినే. మరి నువ్వేమిటి?"

చిన్న టీచరు దానికి బదులు వేరే సంగతి చెప్పింది.

"వాళ్ళు నా ఎదురుగా కూర్చుంటారక్కా. నీ దగ్గర వాళ్ళు కాగితం మీద వరసలు. నా దగ్గర చీమిడి ముక్కులతో, చినిగిన జేబులతో కూర్చుంటారు. నాకు తెలిసింది దాచుకుని, రోజూ అట్టల వీపులు చూపించమంటే ఎన్నాళ్ళు చూపించను?"

"ఒప్పుకున్నన్నాళ్ళు."

ఇద్దరూ చిన్నప్పుడు ఒకే దుప్పటి లాక్కుని పడుకున్న మనుషులు. ఇప్పుడు మధ్యలో బల్ల, బల్ల మీద ఎండిన కప్పు.

"దారి ఒకటుంది," అంది పెద్ద మేడం చివరికి. "ఈ బడిలో పోలిక చెడిపోయిందని బయటివాళ్ళు సాక్ష్యం చెప్తే బోర్డు వింటుంది. ఈ ఫలితాన్ని పక్కన పెట్టి, వచ్చే ఏడాది కొత్త పిల్లలతో మళ్ళీ చేయనిస్తుంది. అప్పటిదాకా పటాలు కదలవు. నీ మాట ఒక్కటే చాలదు, నా మాట అసలే చెల్లదు. అక్కాచెల్లెళ్ళు కూడబలుక్కున్నారంటారు. మధ్యాహ్నం పిల్లల తల్లులు చెప్పాలి, ఇంట్లో మా పిల్ల దరువు కొట్టి చదువుతోందని. ఇప్పుడే, ఇవాళే. రేపైతే చేయి దాటిపోతుంది."

"మళ్ళీ చేయడమంటే... మళ్ళీ సగం మందిని వదిలేయడమా?"

"ఒక్క ఏడాది."

"మరి నా కొలువు?"

"అది ఎలాగూ పోయింది. దాన్ని గురించి వేరే మాట్లాడక్కర్లేదు."

*

పూట మారే వేళ తల్లులు గేటు దగ్గర గుమిగూడతారు. పొద్దుటివాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళు, మధ్యాహ్నంవాళ్ళను దింపేవాళ్ళు. వాళ్ళందరినీ క్లాసులోకి పిలిచారు. పిల్లల బెంచీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నారు. సందట్లో ఒకావిడ బెంచీ మధ్య చిక్కుకుపోతే, "నిన్ను ఈ ఏడాది కూడా పై తరగతికి పంపరులే," అని పక్కావిడ ఎగతాళి చేసింది. గోడ మీద పటాలు అందరికీ కనబడేలా ముఖం ఇటే పెట్టి ఉన్నాయి.

పెద్ద మేడం అడగవలసింది అడిగింది. మొదట లేచింది గేటు ఎదురుగా ఇస్త్రీ బల్ల పెట్టుకున్నావిడ. ఆవిడకు చిన్న టీచరంటే ప్రాణం. టీచరు బట్టలు నలిగి కనబడితే లాక్కుని మరీ ఇస్త్రీ చేసిచ్చే మనిషి.

"మా పిల్ల సంగతా? అడక్కండి మేడం! ఇస్త్రీ బల్ల మీద టకటక, కంచం మీద టకటక, నా వీపు మీద టకటక. మా ఇల్లు కమ్మరి కొలిమైపోయింది. బట్టలకు కుట్టిన పేర్లు చదివి అదే సర్దేస్తోంది, ఎవరివి వాళ్ళకు. అంతా ఈ టీచరమ్మ చలవ. సాక్ష్యమా? ఎక్కడ వేలిముద్ర వేయమంటే అక్కడ వేస్తా."

"సంతకం నేర్చుకోరాదుటే, కూతురు పంతులమ్మ ఇంట్లోనే ఉంటే!" వెనక బెంచీ ఆవిడ అంది. గదంతా నవ్వింది. చిన్న టీచరు కూడా నవ్వబోయింది.

"ఎప్పట్నుంచి చదువుతోంది?" పెద్ద మేడం నవ్వలేదు.

"వానాకాలం సెలవులయ్యాక."

"అంతకుముందు?"

"అంతకుముందెక్కడ మేడం! దానికీ రాలేదు, దాని అన్నకూ రాలేదు. ఇద్దరూ ఒకటే క్లాసు. వాడు ఓ ఏడాది వెనకబడి దీంతో కలిశాడు. వాడికి తలకెక్కదు, పనిలో పెట్టుకో అని సారే చెప్పారు. సెలవులకు ముందే మాన్పించేశా. లాండ్రీ ఫ్యాక్టరీలో ఉన్నాడిప్పుడు."

సర్దుబాటు సారు కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టాడు.

"అప్పటిదాకా ఎందుకు రాలేదో టీచర్ గారు చెప్తారు," అంది పెద్ద మేడం.

చిన్న టీచరు ఆమె వైపు చూసింది. అక్కా అనలేదు, అన్నట్టే చూసింది.

"చెప్పండి. సగం సాక్ష్యం ఎవరూ తీసుకోరు."

చెప్పింది. చీటీలు తీసిన సంగతి, పొద్దుటి పూటకు వచ్చిన సంగతి, మధ్యాహ్నం పిల్లలను పోల్చి చూడడానికి కావాలనే వదిలేసిన సంగతి. రోజూ పటాలు తిప్పిన సంగతి దగ్గరికొచ్చేసరికి గోడ వైపు చూసింది. ఆగింది. మళ్ళీ మొదలుపెట్టి అదీ చెప్పింది.

"సామాను తక్కువొచ్చిందన్నారు కదా సారూ మీరు?" ఎవరో తల్లి అరిచింది.

"అది... అందరూ గొడవ పడకుండా... ఏదో సర్దుబాటు కోసం..."

ఇస్త్రీ ఆవిడ ఇంకా నిలబడే ఉంది. ఆవిడకు విషయం నెమ్మదిగా ఎక్కుతోంది. వేడెక్కిన ఇస్త్రీ పెట్టె మీద నీటిబొట్టు వేసి వేడి చూసేవాళ్ళు కాచుకున్నట్టు కాచుకుని, అప్పుడు అడిగింది.

"అప్పుడు లేని పటాలు తర్వాత తెచ్చారా?"

"లేదు. ఇవే."

"ఇదే గోడ మీద?"

"ఇదే గోడ మీద."

"నా కొడుకు ఇక్కడ కూర్చునుంటే నువ్వు అటు తిప్పి పెట్టావు."

నువ్వు. ఏడాదంతా టీచరమ్మా, మీరు, తమరు అన్న నోరు. ఆ ఒక్క మాట గదిలో అందరికీ వినబడింది.

"నాకు తల లేదమ్మా అని ఏడ్చేవాడు వాడు," అంది ఇస్త్రీ ఆవిడ. గొంతు పెంచలేదు. "నిజమేరా తలలేని వెధవా అని నేనే కొట్టాను. సారు చెప్పారు, నేను నమ్మాను, వాడూ నమ్మేశాడు. వాడికి తల ఉందని నీకు తెలుసు."

"తెలుసు."

"సెలవులయ్యాక పుట్టింది నీకు జాలి. నెల ముందు పుడితే నీ సొమ్మేం పోయింది?"

చిన్న టీచరు తల దించుకుంది. ఆవిడ ఊరుకోలేదు. "తల ఎత్తు. వాడు బడి మానేస్తున్నానని చెప్పడానికొచ్చినప్పుడు ఏమన్నావు?"

"బాగా పని నేర్చుకో అన్నాను."

వెనక బెంచీల్లో ఎవరో చీ అన్నారు. ఇంతకుముందు నవ్విన నోళ్ళే అవి.

"ఇప్పుడు మేం సాక్ష్యం చెప్తే ఏమవుతుంది?" ఇస్త్రీ ఆవిడ పెద్ద మేడం వైపు తిరిగింది.

పెద్ద మేడంకు అబద్ధాలు రావు. ఆమెలో మంచిదీ అదే, భయపెట్టేదీ అదే. "వచ్చే ఏడాది కొత్త పిల్లలతో మళ్ళీ చేస్తాం. మళ్ళీ చీటీలు. సగం మందికి పాఠం ఉంటుంది, సగం మందికి ఉండదు. బాగుందని తేలితే ఆ తర్వాత అందరికీ."

"చెప్పకపోతే?"

"పటాలు ఎల్లుండి వెళ్ళిపోతాయి. ఎవరికీ ఉండదు."

"చెప్పేయవే," పొద్దుటి పూట తల్లి ఒకావిడ అందుకుంది. "మా చిన్నది వచ్చే ఏడాది చేరుతుంది. నీ కోపంతో దాని నోట్లో మట్టి కొడతావా?"

"నా కొడుకు నోట్లో కొట్టినప్పుడు నువ్వెక్కడున్నావు? పొద్దున పూట పిల్లకు జడలేస్తూ ఉన్నావు."

"నాకేం తెలుసు ఇదంతా!"

"ఇప్పుడు తెలిసిందిగా. చీటీ లాగు. వదిలేసేవాళ్ళలో నీ చిన్నది వస్తే అప్పుడు నాతో మాట్లాడు."

ఆ తల్లి కూర్చుండిపోయింది. మిగతావాళ్ళంతా ఇస్త్రీ ఆవిడ నోటి వంకే చూస్తున్నారు. ఆవిడ వద్దంటే వాళ్ళూ వద్దనేట్టున్నారు. బయట మధ్యాహ్నం పిల్లలు తలుపు తోసుకుని తొంగిచూస్తుంటే లెక్కలాయన అడ్డం నిలబడ్డాడు. ఆయన నోట హాస్యాలు ఆగిపోయాయి.

"చెప్తాను," అంది ఇస్త్రీ ఆవిడ.

చిన్న టీచరు ఊపిరి వదిలింది.

"అప్పుడే వదలకు. నాదో షరతుంది. వచ్చే ఏడాది ఎవరి బిడ్డను వదిలేస్తారో, ఆ ప్రతి ఇంటికీ ఈ టీచరు పట్టపగలు నడిచి వెళ్ళాలి. సామాను తక్కువొచ్చింది, గది చాల్లేదు, ఆ కబుర్లేం వద్దు. గుమ్మంలో నిలబడి ఆ బిడ్డ ముఖం చూసి చెప్పాలి. నీకు తలుంది, నేర్పితే వస్తుంది, అయినా నీకు నేర్పం అని. అట్లా చెప్పగలిగితే చేసుకోండి మీ పోలికలు. చెప్పలేకపోతే మానుకోండి."

"వచ్చే ఏడాదికి ఆమె ఈ కొలువులో ఉండదు," అంది పెద్ద మేడం.

"కొలువు లేకపోతే కాళ్ళు లేవా?"

పెద్ద మేడం చాలాసేపు ఆవిడనే చూసింది. ఆమె జీవితంలో ఎదురుపడ్డ బోర్డులు, కమిటీలు ఎవరూ ఇంత సూటిగా షరతు పెట్టలేదేమో. "సరే," అంది. "ఒప్పుకున్నాం."

తనను అడగలేదని చిన్న టీచరుకు తెలిసింది. అడగమనే హక్కు లేదనీ తెలిసింది.

"వచ్చే ఏడాది దాకా ఎందుకు," ఇస్త్రీ ఆవిడ బెంచీల మధ్య నుంచి బయటికొచ్చింది. "వదిలేసినవాడు ఒకడు ఉన్నాడుగా. మొదటి గుమ్మం మాది. పద. వాడికి చెప్పి రా, అప్పుడు వేస్తా వేలిముద్ర. ఇంట్లోనే ఉన్నాడు."

"ఈ వేళప్పుడా? పనికి పోలేదా?"

"పోయిన వారం నుంచీ పోవట్లేదు. ఎవరితోనూ అనలేదు నేను, అంటే బతుకు నవ్వులపాలని. ఆవిరి మిషను మూత మీద ఏదో రాసుందట, ఇంతింత ఎర్రటి అక్షరాలు. చదువుకోవద్దా అంటాడు ఓనరు. వాడు మూత ఎత్తాడు." ఆవిడ తన కుడిచేతిని ఎడంచేత్తో మోచేతి దాకా పట్టి చూపించింది. "ఇక్కడిదాకా."

గదిలో ఎవరూ కదల్లేదు. చిన్న టీచరు అసలే కదల్లేదు. గుమ్మం అవతల ఇస్త్రీ ఆవిడ వెనక్కి చూడకుండా నడిచిపోతోంది.

అప్పుడు వెనకనుంచి అక్క చెయ్యి వచ్చి ఆమె వీపు మీద పడింది. చిన్నప్పటి చెయ్యే, చల్లగా ఉంది. ఓదార్చడానికి వచ్చిందనుకుని చిన్న టీచరు కళ్ళు మూసుకుంది.

అక్క ఆమెను ముందుకు నెట్టింది.